ఘన్‌పూర్‌లో ఆగని పిట్ట

స్టేషన్ ఘన్‌పూర్‌లో చాలా ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగవు. హమ్మింగ్‌బర్డ్ అయితే అసలు ఈ లైనుకే రాదు. అలాస్కా నుంచి అర్జెంటీనా కొస దాకా 350కి పైగా జాతులున్న ఈ పిట్టకు ఇవాళ అమెరికా ఖండాలు తప్ప వేరే లోకం లేదు. 3 కోట్ల ఏళ్ల కిందట దీని పూర్వీకులు జర్మనీలో తిరిగాయని 2004లో శిలాజాలు చూసి తేల్చారు. ఆ లెక్కన ఊళ్లోని రిటైర్డ్ లెక్కల సారు మొక్క నాటడంలో కాస్త ఆలస్యం చేశారంతే.

మొక్క పేరు టెకోమా. దాన్ని ఇంట్లోకి తెచ్చింది ఫీనిక్స్ పక్కన ఉద్యోగం చేసే కొడుకు. వీడియో కాల్ చేసినప్పుడల్లా పెరట్లోని పచ్చపూల పొదను, దాని ముందు గాల్లోనే నిలబడి తేనె తాగే పిట్టను చూపిస్తాడు. "బాపూ, దీనికి నీళ్లు పొయ్యకున్నా బతుకుతది" అన్నాడోసారి. సారుకు పిట్ట కంటే ఈ ముక్క ఎక్కువ నచ్చింది. ఎండాకాలం బోరు దగ్గడం మొదలుపెడితే ఆయనకు నిద్ర పట్టదు మరి.

నర్సరీలో డబ్బిచ్చి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అదే మొక్క మన రోడ్ల డివైడర్ల మీద లారీల పొగ తాగుతూ ఏళ్లుగా పూస్తోందని ఆటోవాలా చెబితే వినలేదు. అరిజోనా గుట్టల్లో పుట్టే జాతి, బహామాస్ దేశానికి జాతీయ పుష్పం, డివైడర్ మొక్క ఎలా అవుతుందని వాదించారు. నిజానికి మూడూ ఒకటే.

"సార్, పచ్చగన్నేరు ఎందుకు పెట్టినవ్? గింజ తింటే పాణం పోతది" అని పక్కింటాయన బెదిరించాడు. పచ్చగన్నేరు గింజ విషమన్న మాట నిజమే; టెకోమాకూ దానికీ పూల రంగులో తప్ప చుట్టరికం లేదు. సారు అది వివరించడానికి బోర్డూ సుద్దముక్కా తీయనందుకు వీధంతా సంతోషించింది.

అసలు గండం ఇంట్లోనే ఉంది. "పిలగాడు చెప్పిన చెట్టు" అని అమ్మగారు పొద్దునా సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు పోశారు. సారు గుప్పెడు యూరియా చల్లారు. మొక్క కొత్త అల్లుడిలా ఒళ్లు చేసింది. సన్‌షేడ్ దాటి పెరిగింది, ఆకు మీద ఆకు వేసింది, పువ్వు మాత్రం లేదు. ఫీనిక్స్‌లో ఏడాదంతా కలిపి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఇక్కడ 800 దాటుతుంది. వేరు పట్టేదాకా మొదటి ఏడాది నీళ్లు కావాలి గానీ, తర్వాత దీన్ని ఎంత పట్టించుకోకపోతే అంత పూస్తుంది. నీరు నిలవని చెల్క నేల, తలమీద ఎండ, ఏడాదికోసారి కత్తెర, అంతే. పూలు కొత్త చిగుళ్ల మీదే వస్తాయి కాబట్టి కత్తిరించడానికి వెనకాడకూడదు. కొమ్మలు నరికిన రోజు అమ్మగారు సారుతో మాట్లాడలేదు.

పూలొచ్చాయి. పిట్టా వచ్చింది, తేనెపిట్ట.

నల్లగా కనిపిస్తూ ఎండ తగలగానే నీలంగా, ఊదాగా మెరిసే మగపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లా గాల్లో నిలబడటం దీనికీ వచ్చు గానీ ఒకటి రెండు క్షణాలే. కూర్చుని తాగడమే ఇష్టం. మర్యాదగా పువ్వు నోట్లో ముక్కు పెడుతుందేమోనని సారు కుర్చీ వేసుకుని చూశారు. అది గొట్టంలాంటి పువ్వు మొదట్లో పక్కనుంచి చిన్న చీలిక చేసి, పుప్పొడి ఒంటికి అంటకుండా తేనె లాగేసి పోయింది. కన్నం వేసిన దొంగకూ దీనికీ తేడా లేదు. ఆ తర్వాత బండి అద్దంలో తనను తాను చూసుకుని, ఇంకో మగపిట్ట వాటాకొచ్చిందనుకుని పొడవడం మొదలుపెట్టింది. అద్దానికి అమ్మగారి పాత జాకెట్ గుడ్డ చుట్టాక గానీ శాంతించలేదు.

ఇంతకీ అమెరికా ఎడారిలో హమ్మింగ్‌బర్డ్‌లు ఎగబడే చూపరోసా అనే ఎర్రపూల పొద ఒకటుంది. దాని దగ్గరి చుట్టం సారువాళ్ల కంచెలోనే ఉంది: అడ్డసరం. రెండూ జస్టీషియా ప్రజాతే. ఆకు చేదుకు మేక కూడా ముట్టదు. మొక్కలు మేశాయని 2019లో హుజూరాబాద్‌లో మేకలను పోలీస్ స్టేషన్ దాకా తీసుకెళ్లిన రాష్ట్రంలో ఇది చిన్న గుణం కాదు. దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం కూడా ఈ ఆకులోని వాసిసినే. అయినా అడ్డసరానికి కుండీ కొనేవాడు కనబడడు. డబ్బు పెట్టనిదాన్ని ఎవరు చూస్తారు?

టెకోమా కాయలు జానెడేసి ఎండి పగిలాయి. రెక్కలున్న గింజలు గాలికి లేచాయి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో దీన్ని కలుపు మొక్కగా ఎందుకు లెక్కగడతారో వానలు పడ్డాక వీధికి అర్థమైంది. పక్కింటాయన తన పిట్టగోడ పగులులోంచి ఓ మొలకను వేళ్లతో సహా పీకి గేటు దగ్గరికి తెచ్చాడు.

"సార్, మీ పిలగాడు మా ఇంటికొచ్చిండు."