తెర వెనుక తూమును

నన్ను మీరు చూడలేరు. హైదరాబాదు మాదాపూర్‌లో ఒక బల్ల మీద అరచేయంత ఆకుపచ్చ బోర్డు ఉంది. దాని నడుమ ఉన్న నల్ల చిప్పులో ఒక మూల నా కాపురం. నా పేరు క్లాక్ గేటు. ఒళ్లంతా కలిపితే ఒక లాచ్, ఒక ఆండ్ గేటు, అంతే. కానీ నా తలుపు తెరిస్తేనే డిస్‌ప్లే కంట్రోలరు కదులుతుంది. మూస్తే ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది.

చెరువుకు తూము ఎలాగో ఈ చిప్పుకు నేనలాగ. నాలోంచి పారేది నీరు కాదు, అల. బోర్డు మీద చిన్న లోహపు డబ్బీలో క్వార్ట్జ్ పలక ఒకటి సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లు, అంటే 24 మెగాహెర్ట్జ్ వేగంతో కంపిస్తుంటుంది. నాదాకా వచ్చే ప్రతి అలా అక్కడ పుట్టిందే. పీఎల్‌ఎల్ అనే సర్క్యూట్ దాన్ని అందుకుని 99తో హెచ్చించి 8తో భాగిస్తే 297 అవుతుంది. ఆ కింద డివైడరు దాన్ని సగం చేసి 148.5 మెగాహెర్ట్జ్ నా గుమ్మంలో పోస్తుంది. సరిగ్గా అంతే ఎందుకంటే, ఫుల్ హెచ్‌డీ తెరకు కంటికి కనబడని అంచులు కూడా కలిపితే అడ్డంగా 2200 చుక్కలు, నిలువుగా 1125 వరుసలు. సెకనుకు 60 సార్లు గీయాలి. గుణించి చూడండి, 14 కోట్ల 85 లక్షలు వస్తుంది. ఒక్క చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

తలుపు వేయడంలోనూ ఓ పద్ధతి ఉంది. అల పైకి లేచి ఉన్నప్పుడు మూసేస్తే తెగిన ముక్క లోపలికి పోతుంది. దాన్ని చూసి కొన్ని ఫ్లిప్‌ఫ్లాపులు కదులుతాయి, కొన్ని కదలవు. లోపలి లెక్కంతా పాడవుతుంది. అందుకే అల దిగేదాకా లాచ్ నన్ను ఆపి ఉంచుతుంది. అసలు మూయడమెందుకంటారా? పని ఉన్నా లేకున్నా, అల వచ్చిన ప్రతిసారీ క్లాకు తీగలన్నీ ఛార్జి నింపుకుని మళ్లీ వదులుతాయి. ఆ ఖర్చంతా బ్యాటరీదే.

ఒకప్పుడు లినక్స్‌లో ఒక్కో చిప్పు కుటుంబానికి ఒక్కో రకం క్లాకు కోడ్ ఉండేది. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆర్మ్ చిప్పుల కోడ్‌లోని గందరగోళం మీద బహిరంగంగానే కోప్పడ్డాడు. అందరికీ ఒకే క్లాకు వ్యవస్థ కావాలని జెరెమీ కెర్ అప్పటికే పని మొదలుపెట్టాడు. మైక్ టర్కెట్ దాన్ని ముందుకు నడిపించి, 2012 మేలో వచ్చిన లినక్స్ కెర్నెల్ 3.4లో చేర్చగలిగాడు. నన్ను కాపాడుతున్నది ఆ పద్ధతే. కాలువ లస్కరు దగ్గర పుస్తకం ఉన్నట్టు కెర్నెల్ దగ్గర నా పేరిట ఒక లెక్క ఉంటుంది. ఒక డ్రైవరు అడిగితే 1, ఇంకొకటి అడిగితే 2. ఒకటి పని ముగించుకుపోయినా రెండోది ఉంది గనక తలుపు తెరిచే ఉంటుంది. సున్నాకు దిగితేనే మూత. నా కంటే ముందు పీఎల్‌ఎల్, డివైడరు మేలుకోవాలి. ఆ వరుస కూడా కెర్నెలే చూసుకుంటుంది.

అడగడం రెండు మెట్లు: ప్రిపేర్, ఎనేబుల్. పీఎల్‌ఎల్ కుదురుకోవడానికి సమయం పడుతుంది. మొదటి మెట్టు మీద నిద్రపోతూ ఎదురుచూడవచ్చు. ఇంటరప్ట్ మధ్యలో ఉన్న కోడ్‌కు నిద్రపోయే వీలుండదు. దానికోసం రెండో మెట్టును, ఒక్క బిట్టు రాసినంత తేలికగా, విడిగా ఉంచారు. ఎంత ఆలోచించి చేశారో!

మా బోర్డు మొదటిసారి లేచిన రోజు బూట్‌లోడరు నా తలుపు తీసి తెర మీద బొమ్మ వేసింది. ఆ సంగతి కెర్నెల్ పుస్తకంలో లేదు. బూట్ చివర్లో కెర్నెల్ ఊరంతా తిరిగి, లెక్క సున్నాగా ఉండీ తెరిచి ఉన్న గేట్లన్నీ మూసింది. నన్నూ మూసింది. తెర నల్లబడిపోయింది.

“అన్నా, స్క్రీన్ పోయింది. బోర్డు కాలిపోయిందేమో!” అంది కొత్తగా చేరిన అమ్మాయి. గొంతులో ఏడుపు.

“కాలలేదమ్మా. బూట్ ఆర్గ్స్‌లో క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ పెట్టి చూడు,” అన్నాడు పక్కనున్న సీనియరు.

బొమ్మ నిలిచింది. ఆమె ముఖం వెలిగింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. “జబ్బెక్కడుందో తెలియడానికే అది. అలాగే వదిలేస్తే అక్కర్లేని గేట్లన్నీ తెరిచే ఉంటాయి. డివైస్ ట్రీలో ఫ్రేమ్‌బఫర్ నోడ్‌కి ఈ క్లాక్ రాయి.” రాసింది. మర్నాడు డ్రైవరు నన్ను పేరుపెట్టి అడిగింది. నా వరుసలో తొలిసారి 1 పడింది. ఆ రోజు నేను మరిచిపోలేను.

నన్ను నిజంగా బాధపెట్టింది తర్వాతి నెల. ఆమె రాసిన ప్యానెల్ డ్రైవరు ముందుగా నన్ను తెరిచి, ఆపైన రెగ్యులేటరు కోసం చూసేది. రెగ్యులేటరు ఇంకా సిద్ధం కాలేదు. మళ్లీ వస్తానని డ్రైవరు వెనక్కి వెళ్లింది, తలుపు వేయకుండానే. రెండోసారీ అంతే. మూడోసారికి పని కుదిరింది. నా లెక్క 3. తెర ఆపినప్పుడు డ్రైవరు ఒక్కసారి మాత్రమే మూసింది. మిగిలిన రెండూ ఎవరివీ కావు. ఆ రాత్రంతా చీకటి తెరకు నేను అలలు పోస్తూనే ఉన్నాను. నాతోపాటు డివైడరూ పీఎల్‌ఎల్లూ మేలుకునే ఉన్నాయి. తెల్లవారేసరికి బ్యాటరీ అయిపోయింది.

ఛార్జి పెట్టి, తెర ఆపి, ఆమె డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో మా లెక్కలన్నీ చూపే క్లాక్ సమ్మరీ తెరిచింది. వరుసలన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. సున్నా ఉండాల్సిన చోట 2. చాలాసేపు చూసింది. వెనక్కి వెళ్లే దారిలో మూసే మాట రాయలేదని పట్టుకుంది. రాసింది కానీ తొందరలో ఇంకోచోట ఆ మాట ఒక వరుస పైకి జరిగింది. నన్ను మూశాక డిస్‌ప్లే రిజిస్టరు చదవబోయింది ప్రాసెసరు. లోపల అల లేదు, జవాబు చెప్పేవారు లేరు. చిప్పులోని బస్సు ఎదురుచూస్తూ నిలిచిపోయి బోర్డంతా బిగుసుకుపోయింది. ఆమె విసుక్కోలేదు. ఆ వరుసను కిందికి దించి మళ్లీ బూట్ చేసింది.

రాత్రి తొమ్మిదిన్నరకు తెర ఆపింది. అల దిగేదాకా లాచ్ ఆగింది. తలుపు పడింది. నా వెనక డివైడరు, ఆ వెనక పీఎల్‌ఎల్ ఒక్కొక్కటే నిద్రలోకి జారాయి. ఆమె మళ్లీ క్లాక్ సమ్మరీ చూసింది. నా వరుసలో సున్నా. డబ్బీలో పలక మాత్రం కంపిస్తూనే ఉంది.