మహారాజశ్రీ 75 శాతం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 75 శాతం గారి దివ్యసముఖమునకు,

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ఏడు ఏ కాలేజీలో పీరియడ్లు దొరికితే ఆ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకుని బతికే ఒక గెస్ట్ లెక్చరర్ నమస్కరించి చేసుకొను మనవి. ఇక్కడ అందరం క్షేమం. సెమిస్టర్ చివరికొచ్చింది, హాల్‌టికెట్ల కాలం, తమరికి ఊపిరి సలపదని తెలుసు. అయినా వేరే దారి లేక రాస్తున్నాను.

తమరికే ఎందుకు రాస్తున్నానంటే, పైన ఇంకెవరూ కనబడలేదు. పిల్లల కష్టం ప్రిన్సిపాల్ గారికి చెబితే "నా చేతిలో ఏముందండీ, హాజరు 75 శాతం ఉండాలి కదా" అన్నారు. పై ఆఫీసుకు పోతే అక్కడా అదే మాట. స్కాలర్‌షిప్పుల సెక్షన్‌లో గుమాస్తా తలైనా ఎత్తకుండా "75 పడితేనే ఈపాస్ కదులుద్ది" అన్నాడు. ప్రభుత్వాలు మారాయి, టీఎస్ పోయి టీజీ వచ్చింది, యాన్యువల్ పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి, కాగితం అప్లికేషన్లు పోయి 2016లో ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్ వచ్చింది. 2007లో నల్గొండకు సొంతంగా మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చే నాటికే తమరు కొలువుదీరి ఉన్నారు. ఇంతమంది ఎవరి పేరు చెప్పి చేతులెత్తేస్తున్నారో ఆయనే అసలు అధికారి అయి ఉండాలి.

ముందు లెక్క చూద్దాం. సెమిస్టర్‌కు 90 పనిదినాలు. అందులో పాతిక శాతం, అంటే 22 రోజులన్నర, తమరు దయతలచి వదిలేశారు. ఆ అర రోజు దేనికో నాకిప్పటికీ అంతుపట్టలేదు, బహుశా మీసేవలో లైను కట్టడానికి. జ్వరం, బంధువుల పెళ్లి, కొత్త సినిమా తప్ప మరో పని లేని హైదరాబాద్ పిల్లవాడికి 22 రోజులు ధారాళంగా సరిపోతాయి. మా దగ్గర వానాకాలం నాట్లూ మొదటి సెమిస్టరూ ఒకేసారి మొదలవుతాయి. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొదిలారంటే హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే ఆడపిల్లల బెంచీలు ఖాళీ. ఈమధ్య బెంగాల్, బీహార్ నుంచి మగ కూలీల ముఠాలు దిగి నాట్లు వేస్తున్నాయి, అది కొంత నయం. కానీ ఎకరంన్నర ఉన్న ఇంట్లో ముఠాకు డబ్బులెందుకు పొయ్యాలని బిడ్డనే మడిలోకి దింపుతారు. నాట్లు అయ్యాక మోతె, తుంగతుర్తి వైపు పత్తి ఏరాలి. సంక్రాంతి దాటాక కోదాడ వైపు మిర్చి ఏరాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర. లింగమంతుల స్వామిని వదిలేసి మైక్రో ఎకనామిక్స్ క్లాసుకు వచ్చిన పిల్లవాడిని నేనింతవరకు చూడలేదు, చూడాలన్న కోరికా లేదు.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. నిజం చెప్పాలంటే ఉన్నత విద్య కోసమని పెట్టిన చాలా పథకాలకన్నా ఇదే మా క్లాసుకు ఎక్కువ మందిని తెచ్చింది. పాస్ డబ్బులకు తండ్రి ముందు నిలబడాల్సిన పని తప్పింది. అయితే టికెట్ పోయింది గాని బస్సులు అవే. దామరచర్ల అవతలి తండా నుంచి వచ్చే అమ్మాయికి పొద్దున ఉన్నది ఒకటే బస్సు. అది నిండుగా వస్తే ఆగదు. "చెయ్యెత్తిన సార్, ఆపకుంటనే పోయిండు" అని పదిన్నరకు గుమ్మంలో నిలబడుతుంది. అప్పటికి మొదటి పీరియడ్ అయిపోయింది. ఆ పీరియడ్ నాది. ఆ గడిలో నేను ఏ అక్షరం వేయాలో తమరికి తెలుసు. ఆ బస్సు ఈ సెమిస్టర్‌లో ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు ఆగింది అన్న సంగతి మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

తమరి కొత్త నౌకరు, ఆ వేలిముద్ర మిషను సంగతి కూడా విన్నవించుకోవాలి. నాట్ల నుంచి తిరిగొచ్చిన అమ్మాయి బొటనవేలు పెడుతుంది. ఎర్ర లైటు. చున్నీకి తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఎర్ర లైటు. పది రోజులు బురద నీళ్లలో నానిన వేలికి గీతలెక్కడుంటాయి? చూపుడు వేలు, మధ్య వేలు, చెయ్యి మార్చి మళ్లీ మొదటి నుంచి. వెనక లైనులో "జర జల్ది పెట్టవే" అని సణుగుళ్లు. చివరికి ఎడమచేతి ఉంగరం వేలిని మిషను ఒప్పుకుంది. ఆ రోజు తమరి లెక్కలో ఆ పిల్ల ఉంగరం వేలు మేరకే కాలేజీకి వచ్చింది.

పిల్లలు బద్ధకస్తులు కాబట్టే తమరి అవసరం పడిందని మా స్టాఫ్‌రూములో పెద్దలంటారు. బద్ధకస్తులు లేరని నేననను, వెనక బెంచీలో ఫోన్ ఒళ్లో పెట్టుకుని పబ్జీ ఆడేవాళ్ల పేర్లు నాకూ తెలుసు. కానీ ఒక సంగతి చూడండి. 2016లో సాంఘిక సంక్షేమ శాఖ రాష్ట్రమంతటా 30 మహిళా డిగ్రీ గురుకులాలు ఒకేసారి తెరిచింది, సూర్యాపేటకూ ఒకటి వచ్చింది. అక్కడికి వెళ్లేదీ ఇవే ఊళ్ల పిల్లలు, ఇవే ఇళ్ల పిల్లలు. పడకా భోజనమూ ఉన్న చోటే క్లాసు కూడా ఉంటే హాజరు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. బుద్ధులు అవే, మారింది ఏర్పాటు.

తమరికి మరీ మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. వచ్చి కూర్చున్నవాళ్లు కూడా వచ్చినట్టేనా అని. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలో పడుతుంది. ఒక అమ్మాయి రెండో బెంచీలో చివర కూర్చునేది, ఒక్క రోజు మానలేదు. "అర్థమైందా?" అంటే తలూపుతుంది. సెమిస్టర్‌లో చాలా రోజుల దాకా ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పి మాట్లాడింది రెండు మాటలే, "ఎస్ సార్", అదీ తమరి కోసమే. డిగ్రీ చదువులకు తెలుగులో పుస్తకాలుండాలని 1968లో పీవీ నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ పెట్టిన నేల ఇది. ఆ పుస్తకాలు ఇప్పుడు గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్ల గదుల్లో బాగానే నలుగుతున్నాయి, క్లాసులో మాత్రం తెరవడానికి సిగ్గు.

ఒకరోజు డిమాండ్ ఎలాస్టిసిటీ చెబుతూ, ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పి, ఆ తలూపుళ్లు చూసి విసుగొచ్చి, పుస్తకం మూసి బియ్యం సంగతి ఎత్తాను. మిర్యాలగూడలో రైసు మిల్లుల మధ్య పెరిగిన పిల్లలకు బియ్యం గురించి నేను చెప్పేదేముంది? అప్పటిదాకా మాట్లాడని ఆ రెండో బెంచీ అమ్మాయే అంది: "సన్నబియ్యం పిరమైతే దొడ్డుబియ్యం తింటం సార్. ఉప్పు పిరమైతే ఏం తినాలె?" ఇదే సంగతి సిలబస్‌లో నాలుగు పేజీలు. పరీక్షలో ఆ ముక్కే ఇంగ్లిష్‌లో రాయలేక పదికి మూడు తెచ్చుకుంది. హాజరు మాత్రం నూటికి నూరు, తమరు సంతోషించాలి.

వికలాంగుల విషయంలో తమరిని తప్పుపట్టలేను, ఎందుకంటే అక్కడ తమరికి చూపే లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో వాళ్లకు 5 శాతం సీట్లు, వయసులో అయిదేళ్ల సడలింపు. హైవే మీద యాక్సిడెంటులో కాలు పోయిన కుర్రవాడు వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ పెట్టి సీటు తెచ్చుకున్నాడు. క్లాసు మేడ మీద. లిఫ్టు లేదు. 2017 జూన్‌లో ఆ చట్టానికి రూల్స్ వచ్చాయి, అప్పటి నుంచి అయిదేళ్లలో ప్రభుత్వ భవనాలన్నీ అందరూ రాగలిగేలా మారాలన్నారు. ఆ గడువు 2022లోనే దాటింది. హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్ యూనివర్సిటీ దేశం నలుమూలలా పరిస్థితి చూసి ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆ రూల్స్‌లో ఒకదాన్ని కొట్టేసింది. చేస్తే మంచిదని సలహా చెప్పి ఊరుకుంటే కుదరదు, చేసి తీరాల్సిన నిబంధనలు మూడు నెలల్లో రాయండి అని కేంద్రానికి చెప్పింది. ఢిల్లీలో చెప్పింది మా మేడమెట్లకు ఎప్పుడు వినబడుతుందో.

ఈలోగా కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు మా దగ్గరికి వచ్చారు. వికలాంగులకు అనుకూలంగా ఉన్నామని వాళ్లకు ఫోటోలు చూపించాలి, అవి జియోట్యాగ్ ఫోటోలై ఉండాలి. నేను అప్పుడు పనిచేస్తున్న కాలేజీలో ఆదరాబాదరాగా గేటు పక్కన ఒక సిమెంటు ర్యాంపు పోశారు. దాని వాలు చూస్తే చక్రాల కుర్చీ ఎక్కడమేమో గాని దిగితే మాత్రం నేరుగా మెయిన్ రోడ్డు మీదికే. కుర్చీ అద్దెకు తెచ్చారో కొన్నారో నాకు చెప్పలేదు. కాలు లేని కుర్రవాడిని పిలిచి అందులో కూర్చోమన్నారు. "నాకు కర్రలు అలవాటు సార్, ఇదెందుకు" అన్నాడు. "ఫోటోకేరా" అన్నారు. కూర్చున్నాడు, నవ్వమంటే నవ్వాడు కూడా. ఫోటో అయ్యాక కుర్చీని రికార్డు రూములో పెట్టి తాళం వేశారు. రికార్డు రూము కూడా మేడ మీదే.

అదే ఏడు కళ్లు కనబడని ఇంకో కుర్రవాడి పరీక్ష. స్క్రైబ్‌ను తనే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువగా ఉండాలని నిబంధన, అంటే ఇంటర్ పిల్లవాడు. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు టైము. నిబంధనలో తప్పు పట్టేదేమీ లేదు, కాపీ కొట్టకుండా పెట్టారు. దొరికింది బైపీసీ ఫస్టియర్ కుర్రవాడు, అదీ తెలుగు మీడియం. రాయాల్సింది ఇంగ్లిష్‌లో ఎకనామిక్స్. నేను ఇన్విజిలేషన్‌లో ఉన్నాను. "మోనోపలిస్టిక్ కాంపిటిషన్" అని వీడు చెబుతాడు. వాడు పెన్ను ఆపి చూస్తాడు. వీడు మళ్లీ "ఎం, ఓ, ఎన్, ఓ..." అని ఒక్కో అక్షరం చెప్పుకొస్తాడు. నడుమ స్క్వాడ్ వచ్చి "మెల్లగా చెప్పండి, పక్క రూము డిస్టర్బవుతుంది" అని పోయాడు. మూడు గంటల పేపరుకు వచ్చిన అదనపు గంట మొత్తం స్పెల్లింగులకే సరిపోయింది. చివరి ప్రశ్నకు జవాబు ఆ కుర్రవాడి నోట్లోనే ఉండిపోయింది. అతని హాజరు తొంభై దాటిందని మనవి.

ఇక ప్రభుత్వం వారి హాజరు. పేద పిల్లలు ప్రైవేటు కాలేజీలో చదివితే ఫీజు సర్కారు కడుతుందన్నారు, 2008 నుంచి మాటైతే ఉంది. పైసలు మాత్రం వాళ్ల వీలును బట్టి వస్తాయి. 2025 నవంబర్ మొదట్లో బకాయిలు ఇవ్వలేదని ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసుకున్నాయి. ఆ బందు రోజుల్లో పిల్లలకు ఏ గుర్తు వేయాలో తమరి నిబంధనల్లో వెతికాను, దొరకలేదు. డబ్బు రావాల్సిన కాలేజీలేమో ప్రభుత్వాన్ని ఏమీ అనలేక పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పిందంటే, "యూజీసీని వచ్చి కట్టమను" అంటారు.

ఆ నవంబర్ మొదట్లోనే తమరికి ఢిల్లీలో ఒక ఎదురుదెబ్బ తగిలిందని విన్నాను. హాజరు తక్కువైందని పరీక్ష రాయనివ్వకపోతే ఒక లా విద్యార్థి 2016లో ప్రాణం తీసుకున్నాడు. ఆ కేసులో ఢిల్లీ హైకోర్టు, హాజరు చాలలేదన్న ఒక్క కారణంతో లా విద్యార్థులను పరీక్షకు దూరం చేయవద్దంది. అది లా చదివేవాళ్ల కేసు. బీఏ, బీకాం పిల్లలకు ఢిల్లీ దాకా పోయే లాయరు దొరకడు గనుక కోదాడలో తమరి పదవికి ఇప్పట్లో ఢోకా లేదు.

ఇంత చెప్పాక తమరి అధికారం తగ్గించమని అడుగుతాననుకుంటారేమో. లేదు, పెంచమంటున్నాను. 75 అన్నది అంత మంచి సంఖ్య అయితే పిల్లల దగ్గరే ఎందుకు ఆగాలి? పొద్దుటి బస్సుకు 75 పెట్టండి, తగ్గితే పిల్లల్లాగే డిపో వారు కూడా కండోనేషన్ ఫీజు కట్టాలి. మంజూరైన లెక్చరర్ పోస్టుల్లో 75 శాతం నిండని కాలేజీకి హాల్‌టికెట్ ఆపండి. రీయింబర్స్‌మెంట్ ఏటా మార్చికల్లా 75 శాతమైనా విడుదల కాకపోతే ఆర్థిక శాఖ వారిని బయట నిలబెట్టి తల్లిదండ్రులను తీసుకురమ్మనండి. వేసవిలో మాబోటి గెస్టులకు జీతం సున్నా. మాకు 75 అడగను, పాతికైనా చాలు.

వాటికి టైము పడుతుందంటే, కాణీ ఖర్చు లేని పనులు రెండున్నాయి. మొదటి పీరియడ్‌ను బస్సు టైమును బట్టి అరగంట వెనక్కి జరపడం ఒకటి. నడవలేనివాడున్న క్లాసును కింది గదిలోకి మార్చి, ఆ గదిలో ఉన్న ఆఫీసు బీరువాలను మేడ ఎక్కించడం రెండోది. ఈ రెండూ అడిగితే "టైంటేబుల్ ఆల్రెడీ సబ్మిట్ అయిపోయింది" అన్నారు. తమరి నోటి మాట అయితే వింటారు.

ఇట్లు,
తమ రిజిస్టర్‌లో గడులు నింపే గెస్ట్ లెక్చరర్

తా.క.: షార్టేజ్ లిస్టు నోటీసు బోర్డుకు అంటించే పని ఈసారి నాకే పడింది. పిల్లల పేర్ల కింద బస్సు, భవనం, ప్రభుత్వం వారి పేర్లకు జాగా వదిలాను. తమరు సంతకం పెట్టి పంపితే గమ్ సీసా సిద్ధంగా ఉంది.