ప్రొసీజరన్న

డేటాబేసు ఉన్న ప్రతి ఆఫీసులో ఒక ప్రొసీజరన్న ఉంటాడు. మా కర్నూలు విత్తనాల కంపెనీలోనూ ఉన్నాడు. లెక్కలో తేడా వచ్చిందంటే తప్పు సర్వరుదో, కరెంటుదో, డేటా ఎంట్రీ పాపదో అయ్యుండాల. ఆయన స్టోర్డ్ ప్రొసీజరుది మాత్రం కాదు. "నేను రాస్తే రాతి మీద చెక్కినట్లేనప్పా" అంటాడు. నిజమే, దిద్దడానికి ఎవరినీ దగ్గరికి రానీడు.

మొన్న కర్నూలు డీలర్ల బాకీల రిపోర్టు అడిగినాం. ఆదోని, ఎమ్మిగనూరు తర్వాత ప్రొద్దుటూరు దిగింది. దాని వెనకాలే మచిలీపట్నం. మేనేజరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసినాడు. "ఏమప్పా, సముద్రం ఆదోని దాకా వచ్చెనా?"

ప్రొసీజరన్న సర్వరు రీస్టార్ట్ చేయించినాడు. మచిలీపట్నం కదల్లేదు. ఇండెక్సులన్నీ మళ్ళీ కట్టించినాడు. కదల్లేదు. "పాప జిల్లా తప్పు కొట్టింటాది" అన్నాడు. ఆ పాప ఏమీ మాట్లాడకుండా టేబుల్ తెరిచి చూపించింది. ప్రొద్దుటూరు కడపలోనే ఉంది, మచిలీపట్నం కృష్ణాలోనే ఉంది. తర్వాత ప్రొసీజరు తెరిచి పారామీటర్ మీద వేలు పెట్టింది. "అన్నా, వార్‌ఛార్ అని వదిలేసినావు. పొడుగు రాయలా."

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పొడుగు చెప్పని వార్‌ఛార్ పారామీటర్‌లో ఒక్క అక్షరమే పడుతుంది. మిగతాది చడీచప్పుడు లేకుండా కత్తిరించి పారేస్తుంది. ఇంగ్లీషులో కొట్టిన కర్నూలు లోపలికి పోయేసరికి ఉత్త 'కె' మిగిలింది. కింద అన్న 'లైక్' పెట్టినాడు గనక 'కె'తో మొదలయ్యే జిల్లాలన్నీ వచ్చి కూర్చున్నాయి. అందులోనూ కడప సగమే వచ్చింది. 2005లో స్పెల్లింగు మారకముందు కడప 'సి'తో మొదలయ్యేది, మా పాత బాకీలన్నీ ఇంకా ఆ 'సి' కిందే ఉన్నాయి. ఇక మొత్తం ఎవరి లెక్కకు కుదురుతాది? కర్నూలునూ కడపనూ కలపడానికి తెల్లదొరల కాలంలో సుంకేసుల నుంచి కె.సి. కెనాల్ తవ్వాల్సి వచ్చింది. మా అన్న ఒక్క అక్షరంతో కలిపేసినాడు.

పాప వార్‌ఛార్ పక్కన యాభై అని కొట్టింది. కర్నూలు ఒక్కటే వచ్చింది. ప్రొసీజరన్న కుర్చీలో వెనక్కి వాలినాడు. "చూసినారా? రీస్టార్ట్ చేసినంక సర్దుకోడానికి కొంచెం టైం పడతాదని చెప్పలా!"

మేనేజరు ఇంకా కాగితం వదల్లేదు. "మరి ఆళ్లగడ్డ యాడ పోయె?"

2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది, ఆళ్లగడ్డ దాంట్లోకి పోయింది. ఆ సంగతి పాప టేబుల్లో ఎప్పుడో మార్చింది. ప్రొసీజరు మాత్రం ఇంకా ఉమ్మడి కర్నూలులోనే కాపురముంది.

"జిల్లాను చీల్చింది నేనా సామీ?" అన్నాడు ప్రొసీజరన్న. "పోయి గవర్నమెంటునడుగు!"