రసమట్టము ఆత్మకథ

మూరెడు అల్యూమినియపు దేహము, నడుమ నొక చిన్న గాజునాళము, అందులో పసిమిగలిసిన పచ్చని ద్రవము, ఆ ద్రవమున నొక గాలిబుడగ: ఇంతియే నా సర్వస్వము. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు మెల్కిసెదెక్ థెవెనో అను పండితుడు నా వంశమునకు మూలరూపమును కల్పించెను. చూచుటకు తిన్నగా దోచు గాజునాళము నిజమునకు లోపల ఇంచుక వంపుదిరిగి యుండును. ఆ వంపులో బుడగ యెల్లప్పుడును మిట్టవైపునకే పోవును గనుక, అది రెండు నల్లగీతల నడుమ నిలిచినచో క్రింది తలము సమముగా నున్నదని తెలిసికొనవచ్చును.

సికింద్రాబాదు రాణిగంజిలో నన్ను గొన్నవాడు పాలమూరునుండి వచ్చిన తాపీమేస్త్రీ. అంగడిబల్లపై నన్నుంచి, బుడగ నిలిచినచోటు చూచి, పిమ్మట కొసకు కొస త్రిప్పి అదేచోట మరల నుంచి, రెండుమారులును అది ఒక్కచోటనే నిలిచిన పిదపగాని ఆతడు పైకము చెల్లింపలేదు. పనిముట్టు సత్యము పలుకునో లేదో తెలిసికొనుటకు ఇంతకు మించిన పరీక్ష లేదు. ఆతని తాత నాగార్జునసాగరపు ఆనకట్టకు రాళ్లుమోసిన వేలకొలది పాలమూరు కూలీలలో ఒకడు; మనుమడు చేతిలో తాపీ పట్టి నగరములో ఇండ్లు నిలుపుచున్నాడు. ఆ చేతులలో పనిచేయుట నాకు గౌరవమని నమ్ముదును.

నేను చూచిన ఇండ్లన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది చిక్కడపల్లి సందులో రెండవ అంతస్తున నున్న ఒక పాత ఫ్లాటు. కట్టడము 1980ల నాటిది, లిఫ్టు లేదు, అందుచేతనే ధర కొంత అందుబాటులో నుండెను. కొనగోరినవారు ఒక ఉపాధ్యాయినియు, అచ్చుయంత్రశాలలో పనిచేయు ఆమె భర్తయు. ఏండ్ల తరబడి అద్దె చెల్లించి, నగరపు పడమటి కొసను లేచుచున్న ఆకాశహర్మ్యముల వెల విని వెనుదిరిగి, తమ పిల్లల బడికి నడచిపోగల దూరమున గోడలు పెచ్చులూడిన ఈ ఇంటిని వారు వెదకికొనిరి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, భూమిలో అవిభాజ్యమగు వాటా వకీలుచేత చూపించుకొనిరి. కట్టడపు వయస్సు చూచి బ్యాంకు అప్పుతీర్చు గడువును కుదించెను. 2021 నుండి తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చులన్నియు కలిసి నూటికి 7.5 వంతులు గదా, అదియు చేతిసొమ్మునుండియే పోవలెను. ఇక మరమ్మతునకు మిగులునది స్వల్పము.

బయానా ఇచ్చుటకు ముందే మేస్త్రీని పిలుచుకొనివచ్చుట ఆ యిల్లాలి వివేకము. గదులన్నియు చూపి, "మేస్త్రీ, ఈ పాత నేలంతా తీసేసి టైల్స్ వేయిస్తే ఎంతవుతుంది?" అని ఆమె యడిగెను.

"నేలను ముట్టకుండ్రి అమ్మా, ఇది మంచి మొజాయిక్. ముందు నీళ్లు ఎటు పోతున్నయో చూడనియ్యుండ్రి," అని ఆతడు నన్ను స్నానపుగదిలోనికి గొనిపోయెను.

అచట నేను జూచినది చెప్పెదను. పొడవైన బద్దను నేలపై బరచి, దానిపై నన్నుంచగా, బుడగ జాలీవైపునకు జరిగెను. అనగా నీరు దిగవలసిన జాలీయే మిట్టన నున్నది, పల్లమంతయు గోడమూలకున్నది. ఇన్నేండ్లు స్నానము చేసిన నీరంతయు ఆ మూలకుజేరి, పలకల సందుల గుండ దిగి, పల్లపు స్లాబుపై నింపిన ఇటుకముక్కలలో నిలిచి, కప్పులోని కడ్డీలను తినివేసెను. ఇనుము తుప్పుగా మారునపుడు తన మొదటి పరిమాణమును మించి ఉబ్బును. ఆ ఉబ్బే కాంక్రీటును చీల్చి, క్రింది యింటివారి కప్పునుండి పెచ్చులు రాల్చినది. ఈ సంగతి చూపి అడుగగా అమ్మువాడు ధరలో కొంత తగ్గించెను. ఆ తగ్గింపే తరువాతి మరమ్మతునకు మూలధనమైనది.

చేతిలో నున్న ధనములో సింహభాగము ఎవరికిని కనబడని పనులకే పోవలెనని మేస్త్రీ పట్టుబట్టెను. నాకును అదియే న్యాయమని తోచినది. తుప్పుచే లోపల పూడిన పాత జీఐ గొట్టములు పోయి సీపీవీసీ గొట్టములు వచ్చెను. ఇటుకముక్కలన్నియు పెకలించి, క్రింది యింటి కడ్డీల తుప్పు గీకి, పూతపూసి, స్లాబుపై వాటర్‌ప్రూఫింగు పొరలు వేసిరి. పిమ్మట నా వంతు వచ్చెను. గోడయొద్ద నొక కొస, జాలీయొద్ద నొక కొస ఆనునట్లు బద్దను బెట్టి, జాలీవైపు కొసను బుడగ నడుమకు వచ్చువరకు మెల్లగ నెత్తి, అచట నేలకును బద్దకును ఏర్పడిన యెడమును టేపుతో కొలిచి, మీటరునకు సుమారు ఒక సెంటీమీటరు వాటము కుదురువరకు మేస్త్రీ సిమెంటును దీయుచు వేయుచు నుండెను. చెమట నా గాజుపై బడినపుడు బొటనవ్రేలితో తుడుచువాడు.

హాలులోని మొజాయిక్ నేలపై తిరుగుడు యంత్రము నడచినపుడు దశాబ్దముల మురికి తొలగి, అందలి నలుపు, తెలుపు, గోధుమవన్నె రాతిపలుకులు బయటపడెను. టైల్స్ వెల పూర్తిగా మిగిలెను. గోడలకు లప్పము, పైన రంగు. కిటికీల టేకు చట్రములకు కేవలము వార్నీషు. పాతదైనంత మాత్రమున దృఢమైన వస్తువును పారవేయుట నాకు బాధాకరముగ నుండును. ఈ యింట అట్లు జరుగలేదు.

పలకలు పరచుటకు ముందు జాలీని మూసివేసి, స్నానపుగదిలో 48 గంటలు నీరు నిలిపిరి. గడువు తీరినపిదప క్రింది యింటి వృద్ధురాలు స్వయముగ పైకి వచ్చి, "రామ్మా, నా కప్పు చూద్దువుగాని," అని ఉపాధ్యాయినిని వెంటబెట్టుకొనిపోయి, పొడిగనున్న కప్పును చేతితో తడవి చూపినది.

వంటయింటికి సొమ్ము చాలలేదు. వచ్చే సంవత్సరము చేయింతమని దంపతులనగా, మేస్త్రీ నన్ను గోడకానించి గుర్తులుపెట్టి, నీలిపొడి దారమును లాగి విడిచి, క్రొత్త బల్ల రావలసిన యెత్తున నొక గీత గీచెను. రంగువేయు కుఱ్ఱవానిని ఆ గోడ వదలుమని ఇల్లాలే చెప్పినది.