వెలిగితే చాలనే చిట్కాలు

బోర్డు పనికి కొత్తగా చేరినవాళ్లకి పక్క బెంచీ నుంచి కొన్ని చిట్కాలు అందుతాయి. పాటిస్తే బోర్డు అప్పటికప్పుడు వెలుగుతుంది, అందుకే అవి చావవు. నేను విన్నవాటిలో కొన్ని రాస్తున్నాను. ఒక్కటీ పాటించకండి.

‘ఫ్లక్స్ కడగక్కర్లేదు, బ్రష్‌తో ఓసారి థిన్నర్ రాయి.’ దీన్ని నేనూ నమ్మాను. వేసవిలో కాకినాడలో ఒకరింటి ఇన్వర్టర్ బోర్డుకి ఐసీ మార్చి ఇచ్చాను. వానలు పట్టగానే తిరిగొచ్చింది. భూతద్దంలో చూస్తే ఐసీ రెండు కాళ్ల మధ్య నాచులాంటిది మొలిచింది, సన్నటి లోహపు కొమ్మలు. ఫ్లక్స్‌లోని ఆమ్లమే రాగి మీది చిలుము తీస్తుంది. అదే బోర్డు మీద మిగిలిపోతే గాలిలో తేమను లాక్కుంటుంది. ఆ తడిలో కరెంటు పారితే ఒక కాలి లోహం కరిగి రెండోదాని దగ్గర కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. రెండూ కలిసిన రోజు షార్ట్. బ్రష్ రుద్ది వదిలేస్తే మురికి పోదు, ఒకచోటిది పదిచోట్లకి పాకుతుంది. ‘నో క్లీన్’ ఫ్లక్స్ కూడా పూర్తిగా వేడెక్కితేనే నిరపాయం, దాన్ని సగం కడగడం అసలు కడగకపోవడం కన్నా చేటు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ధారాళంగా పోసి రుద్దండి. ఆరకముందే పోగులూడని గుడ్డతో అద్దండి. మళ్లీ కొత్తది పోసి కడగండి.

‘అతుకు మెరవలేదు, మళ్లీ కరిగించు.’ సీసం, తగరం కలిసిన పాత టంకం 183 డిగ్రీలకే కరిగి అద్దంలా మెరిసేది. 2006 జులై 1 నుంచి యూరప్ సీసాన్ని కట్టడి చేసింది. ఆపైన వాడుకలోకొచ్చిన తగరం, వెండి, రాగి టంకం 217 దాటితేగాని కరగదు, చల్లారాక మసకగానే ఉంటుంది. అది దాని స్వభావం. కాలికీ ప్యాడ్‌కీ నున్నగా పట్టిందా లేదా, అంతే చూడండి. మెరుపు కోసం మూడుసార్లు కాలిస్తే అతుకు లోపల పెళుసు పొర మందమవుతుంది.

‘ఐరన్ 450లో పెట్టు, పని తొందరగా అవుతుంది.’ మామూలు బోర్డులో రాగి మందం 35 మైక్రాన్లు, ఇంచుమించు వెంట్రుకలో సగం. దాన్ని ఫైబర్‌కి పట్టి ఉంచేది రెసిన్ జిగురే. అది మాడితే ప్యాడ్ పొక్కులా లేస్తుంది. కావలసింది వెడల్పు మొన, అదనపు వేడి కాదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన సోల్డర్ పేస్ట్ డబ్బా వెంటనే తెరవమంటారు. తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. నాలుగు గంటలు మూతతోనే ఉంచండి.

‘షాక్ కొట్టలేదుగా, ఏం కాదు.’ మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టుల స్టాటిక్ కావాలి. కొన్ని ఐసీలకు 100 చాలు. చచ్చిన ఐసీ నయం, బెంచీ మీదే దొరుకుతుంది. గాయపడింది టెస్టులో పాసై బోర్డు తెచ్చినవాళ్లింటికెళ్లి చస్తుంది. మణికట్టుకి పట్టీ కట్టుకోండి. రోజూ పొద్దున్నే దాని తీగకు మీటరు పెట్టండి. లోపల రెసిస్టర్ ఉంటుంది కనుక దాదాపు 1 మెగాఓమ్ చూపించాలి. ఏమీ చూపించకపోతే తీగ తెగినట్టే, కొత్త పట్టీ తెచ్చాకే ఐసీ ముట్టుకోండి.