మౌనమనే మాత్ర

బడిలో పిల్లలకు కండోమ్‌లు ఇవ్వాలా అన్న ప్రశ్న లేస్తే చాలు, మన పెద్దలు చెవులు మూసుకుని ‘శివశివా’ అంటారు. వాళ్ల దగ్గర అంతకంటే చవకైన సాధనం ఉంది మరి: మౌనం. కొనక్కర్లేదు, గడువు తేదీ ఉండదు, వాడే పద్ధతి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే పువ్వు చుట్టూ, పుప్పొడి చుట్టూ గంటసేపు తిరిగి, మనిషి బొమ్మ దగ్గరకొచ్చేసరికి ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేయడమే దాని మోతాదు. 2007లో గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక సహా కొన్ని రాష్ట్రాలు కౌమార విద్యా కార్యక్రమాన్నే వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడిలో లైంగిక విద్య తగదని తేల్చింది. కండోమ్ దాకా ఎక్కడ, దాని పేరు పలకడం దగ్గరే మన బండి ఆగిపోయింది.

మందు వేశాక గుణం చూడాలి కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. దేశం మొత్తమ్మీద ఇది 6.8 శాతమే. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వయసు గర్భాల నింద సినిమాల మీదా సెల్‌ఫోన్ల మీదా మోపడం కష్టం. చాలావాటికి మూలం పెళ్లిపందిరి. పాఠం వింటే చెడిపోతుందని ఏ పిల్ల గురించి బెంగపడ్డారో, ఆ పిల్ల తలమీదే అక్షింతలు వేసి, భోజనం బాగుందని మెచ్చుకుని వస్తారు. కాపురం చేయడానికి వచ్చిన వయసు, కాపురం గురించి తెలుసుకోవడానికి మాత్రం రాలేదన్నమాట.

‘చేతికిస్తే ఎగబడతారు’ అన్నది తర్వాతి వాదన. 1991లో న్యూయార్క్ నగరం తన ప్రభుత్వ హైస్కూళ్లలో కండోమ్‌లు అందుబాటులో పెట్టింది. అవి దొరకని షికాగో బడులతో పోల్చి 1997లో వచ్చిన అధ్యయనంలో, లైంగిక అనుభవం ఉన్న పిల్లల శాతం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. తేడా వచ్చిందల్లా కండోమ్ వాడకంలో, అదీ న్యూయార్క్‌లో ఎక్కువ. అమెరికా సంగతి మనకెందుకంటారా? సరే, వాళ్ల పిల్లలు వేరు, మన పిల్లలు వేరు. మరి మన పిల్లలు ఎగబడతారని ఎక్కడ చూసి చెబుతున్నారు? ఇచ్చి చూసిందీ లేదు, చెప్పి చూసిందీ లేదు.

చట్టం గురించిన అభ్యంతరానికి మాత్రం బరువుంది. 2012 పోక్సో చట్టం లెక్కలో పద్దెనిమిది లోపు సమ్మతి చెల్లదు. కండోమ్ పంచితే ఏ సెక్షన్ మెడకు చుట్టుకుంటుందోనన్న హెడ్మాస్టరు భయం ఉత్తది కాదు. అందుకే పంచే పని బడికి అప్పగించమని నేననను. బడి విషయం చెప్పి, ఎక్కడికి వెళ్లాలో చూపిస్తే చాలు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10-19 ఏళ్ల వాళ్ల కోసం సలహా క్లినిక్‌లు పెట్టమంది. ఆరోగ్యశాఖ తలుపు తీసి కూర్చుంటే, విద్యాశాఖ పిల్లలకు ఆ వీధి పేరు కూడా చెప్పదు. ఇంతకీ ఈ చట్టభయం పెళ్లిపందిట్లో ఏమైపోతుంది? పద్దెనిమిది నిండని భార్యతో సంసారమూ అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కండోమ్ పేరెత్తగానే గుర్తొచ్చే పోక్సో, శుభలేఖ అందుకున్నప్పుడు ఎవరికీ గుర్తురాదు. దాని మీద పెళ్లికూతురి చదువు వేయిస్తారు గాని, పుట్టిన తేదీ వేయించరు కదా.