పడగ మీద ముద్దు

నాగులచవితికి పుట్టలో పాలు పోయడం పాతబడిపోయింది. పాము పాలు తాగదని చెప్పి చెప్పి అలిసిపోయిన మాస్టార్లకు ఇప్పుడు కొత్త పని దొరికింది. ఎవరి బాత్‌రూమ్‌లోంచో నాగుపామును లాగి, వీధిలో నిలబెట్టి పడగ విప్పించి, నడినెత్తిన ముద్దు పెట్టి, వెనక హీరో ఎంట్రీ మ్యూజిక్ తగిలించి ఫోన్లోకి ఎక్కించడమే ఇప్పటి నాగపూజ. చూసినవాళ్లు "అన్నా, నీ ధైర్యానికి దండం" అని రాస్తారు. ఆ దండం దేనికో పాముకైతే అంతుబట్టదు. మెడలో కొండచిలువను పూలదండలా వేసుకొని ఊరేగే తాగుబోతుల గురించి ఒక్క మాట చాలు: అది బిగిస్తే రక్తం ఆడటం ఆగిపోతుంది.

ఇక ముద్దు సంగతి. ఈ ప్రేమకు ఒక లెక్క ఉంది. మన పొలాల్లో మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. సర్పప్రేమికులకు మాత్రం నాలుగింటిలో ఒక్కదాని మీదే మనసు. రక్తపింజర మూతిని ముద్దాడిన వీరుడు కనబడడు. దానికి పడగ లేదు, ఎప్పుడు ఎటు కొడుతుందో అంచనా చిక్కదు. కట్లపాము పగలంతా ముడుచుకుని పడుకుంటుంది, దానితో వ్యూస్ రావు. నాగుపాము ఒక్కటే పాపం కెమెరా ముందు లేచి నిలబడుతుంది. అది పోజు కాదు, బెదురు. దగ్గరికి రావద్దని అది పెట్టుకున్న బోర్డు. అలా లేచిన నాగు ముందుకూ కిందికీ కొట్టినంత సులువుగా తన నెత్తి మీదికి కొట్టలేదు. ముద్దు ఎప్పుడూ వెనకనుంచి, పైనుంచే పడటంలో కిటుకు అదే. ముందు ఒక చేయి ఆడిస్తే పాము చూపు అటే ఉంటుంది, ఆ సందులో వెనకనుంచి పని కానిస్తారు. జేబులు కొట్టేవాడి పద్ధతీ ఇదే. వాణ్ని మాత్రం ఎవరూ పర్సుల ప్రేమికుడనరు.

కొందరి ధైర్యం ఇంకా చౌక. కోరలు పీకేసిన పామునో, మూతి కుట్టేసిన పామునో ముద్దాడతారు. పీకిన కోరలు మళ్లీ మొలుస్తాయన్న సంగతి పాముకు తెలుసు, ముద్దు పెట్టేవాడికి తెలియాలి. పైగా "దానికి నేనంటే నమ్మకం" అని ఒక డైలాగు. పాము పగబడుతుందని తాతలు చెప్పిన కట్టుకథనే తిరగేసి, పాము ప్రేమిస్తుందని మనవలు చెబుతున్నారు. పగ పట్టలేని బుర్రలో ప్రేమకు మాత్రం చోటెక్కడిది?

ఇక్కడితో నవ్వు ఆపుదాం. 2024లో కామారెడ్డి జిల్లాలో ఒక కుర్రవాడు వీడియో కోసం నాగుపాము తలను నోట్లో పెట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వీడియోనూ జనం ఒకరికొకరు పంపుకున్నారు. నాగు విషం నరాల పని ఆపేస్తుంది. కనురెప్పలు వాలతాయి, మాట పడిపోతుంది, చివరకు ఊపిరి ఆగుతుంది. ధైర్యవంతుడికైనా పిరికివాడికైనా వరస ఒకటే. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్క తేల్చింది. సగటున ఏటా 58,000 మంది. వాటిలో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలివి, అంటే నాట్లు వేసే, కలుపు తీసే రోజులవి. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవాళ్లు పామును ముద్దాడబోయినవాళ్లు కారు. రాత్రి మోటారు వేయడానికి చీకట్లో గట్టు మీద నడిచినవాళ్లు, గడ్డివాములో చేయి పెట్టినవాళ్లు, నేల మీద చాప పరుచుకుని పడుకున్నవాళ్లు. కట్లపాము కాటు చాలాసార్లు నిద్రలో తెలియనే తెలియదు, తెల్లారి కడుపునొప్పి అనుకుంటారు. వీళ్లకు కావలసింది చెప్పులు, టార్చిలైటు, మంచం, దోమతెర, దగ్గర్లో మందున్న ఆసుపత్రి. ఇందులో ఏ ఒక్కటీ రీలుకు పనికిరాదు. పాముకాటును గుండెధైర్యం కథగా మార్చేవాడు వీళ్ల చావులను పిరికితనం ఖాతాలో రాస్తున్నాడు. ఇది సిగ్గుమాలిన పని.

ఈ రీళ్లు అవగాహన కోసమేనంటారు. దేని మీద అవగాహన? ముద్దు పెట్టినా ఏమీ కాలేదన్నదే ఆ వీడియో చెప్పే పాఠం. పాము మంత్రానికి పేరొచ్చిందీ ఈ దారిలోనే. దేశంలో 300కు పైగా పాము జాతులుంటే విషమున్నవి 60 పైచిలుకే, వాటిలోనూ ప్రతి కాటుకూ విషం దిగదు. కనక మంత్రగాడు చాలాసార్లు గెలుస్తాడు. ఓడిన రోజు సాక్షి మిగలడు. మా ప్రాణం మా ఇష్టమంటారు ఇంకొందరు. కాటు పడ్డాక వీళ్లు పరుగెత్తేది కూలీ పరుగెత్తే ఆసుపత్రికే. చికిత్స ఎనిమిది, పది వయల్స్ విరుగుడు మందుతో మొదలవుతుంది. తమిళనాడులో ఇరుళ తెగ సహకార సంఘం వాళ్లు పాముల నుంచి తీసిన విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి చేసే మందు అది. సరదా కాటుకు అది ఖర్చయిపోతే, ఆ రాత్రే పొలం నుంచి మోసుకొచ్చినవాడికి ఏం ఎక్కించాలి?

ఈ పాములు పట్టేవాళ్లు లేకపోతే జనం వాటిని కర్రలతో కొట్టి చంపేవాళ్లన్న మాటలో మాత్రం నిజముంది. అందుకే పట్టడం తప్పనడం లేదు, పట్టినదాన్ని ఆడించడం తప్పంటున్నాను. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నది పాత లౌక్యం. ఈ ఆటలో పామూ నలుగుతుంది, మనిషీ పోతాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నాగుపాము మొదటి షెడ్యూలులో చేరింది. పులి ఉన్నదీ అందులోనే. పులిని వీధిలో నిలబెట్టి ముద్దాడితే ఊరుకోని అటవీ శాఖ ఈ రీళ్లను ఎందుకు చూస్తూ కూర్చుంటుందో అడగాలి.

పాములు పట్టడం నిజంగా వచ్చినవాడి వీడియోలో చూడటానికి ఏమీ ఉండదు. కొక్కెం కర్ర, ఒక గొట్టం, గొట్టం చివర సంచి. చీకటి కనిపించగానే పాము తనంతట తనే అందులోకి దూరుతుంది. అతను సంచి మూతి బిగించుకుని వెళ్లిపోతాడు.